మొదటి స్కానర్ కొనే ముందు: పోలీసు రేడియోను ఎవరు వినాలి?

అమెరికాలో ఉంటున్న తెలుగువారిలో ఎలక్ట్రానిక్స్ మీద ఆసక్తి ఉన్నవారికి ఏదో ఒక రోజు ఈ ఆలోచన వస్తుంది. రాత్రిపూట హెలికాప్టర్ ఇంటి మీద చక్కర్లు కొడుతుంది, పక్క వీధిలో సైరన్లు మోగుతాయి, ఏం జరుగుతోందో తెలియదు. ఒక రేడియో స్కానర్ కొనుక్కుంటే పోలీసులు మాట్లాడుకునేది వినవచ్చు కదా అనిపిస్తుంది. అక్కడ ఇది చాలా రాష్ట్రాల్లో చట్టబద్ధమైన కాలక్షేపం. లక్షల మంది దశాబ్దాలుగా చేస్తున్న పని.

అయితే, ‘మొదటి స్కానర్ ఏది కొనాలి?’ అన్న ప్రశ్నకు ఇరవై ఏళ్ల కిందట ఉన్నంత సులువైన జవాబు ఇప్పుడు లేదు. అప్పట్లో బడ్జెట్ ఎంత అని అడిగి ఒక మోడల్ పేరు చెబితే సరిపోయేది. ఇప్పుడు అంతకన్నా ముందు అడగాల్సింది ఒకటుంది: మీ ఊరి పోలీసులు అసలు వినబడుతున్నారా? న్యూయార్క్, షికాగో, డెన్వర్ వంటి నగరాలు పోలీసు రేడియోను ఎన్‌క్రిప్షన్‌తో మూసేశాయి, లేదా మూసేస్తున్నాయి. ఏడు వందల డాలర్లు పోసి కొన్న పరికరం కూడా అక్కడ పోలీసుల విషయంలో మూగబోతుంది.

స్కానర్ ఎంపిక అనే చిన్న వినియోగదారు ప్రశ్న వెనుక ఒక పెద్ద పౌర ప్రశ్న ఉంది. ప్రజల డబ్బుతో, ప్రజల పేరుతో పనిచేసే పోలీసులు విధి నిర్వహణలో మాట్లాడుకునే మాటలను ప్రజలు వినవచ్చా? వింటే అప్పుడే వినాలా, తర్వాత వినాలా? అమెరికా వందేళ్లుగా ఒక జవాబుతో నడిచి, ఇప్పుడు దాన్ని మార్చుకుంటోంది. మన దేశం ఆ ప్రశ్నను మొదటి నుంచీ వేసుకోనేలేదు.

అందరికీ వినబడిన రేడియో

పోలీసు రేడియో పుట్టుకతోనే బహిరంగం. 1928 ఏప్రిల్‌లో డెట్రాయిట్ పోలీసులు గస్తీ కార్లకు రేడియో సందేశాలు పంపే వ్యవస్థను విజయవంతంగా మొదలుపెట్టారు. అది ఒకవైపు మాత్రమే సాగేది. కంట్రోల్ రూమ్ చెబుతుంది, కారులో ఉన్నవాళ్లు వింటారు, తిరిగి మాట్లాడలేరు. ఇళ్లలోని సాధారణ రేడియో సెట్లలో కూడా ఆ మాటలు వినబడేవి. దాన్ని ఎవరూ పెద్ద విపత్తుగా భావించలేదు.

పత్రికలకు అది వార్తల గని అయింది. ‘వీజీ’ పేరుతో ప్రసిద్ధుడైన న్యూయార్క్ ఫొటోగ్రాఫర్ ఆర్థర్ ఫెలిగ్ 1938లో తన కారులో పోలీసు రేడియో పెట్టుకోవడానికి అనుమతి సంపాదించాడు. కొన్నిసార్లు పోలీసులకన్నా ముందే ఘటనా స్థలానికి చేరేవాడు. ఆ తర్వాత అమెరికా నగరాల్లోని న్యూస్‌రూమ్‌లలో స్కానర్ ఒక మామూలు సామగ్రి అయిపోయింది. క్రైమ్ రిపోర్టర్ బల్ల మీద అది రోజంతా గురగురలాడుతూనే ఉండేది.

చట్టం కూడా ఈ అలవాటును గుర్తించింది. 1986లో వచ్చిన ఎలక్ట్రానిక్ కమ్యూనికేషన్స్ ప్రైవసీ చట్టం ప్రైవేటు సంభాషణలను దొంగచాటుగా వినడాన్ని నేరం చేస్తూనే, సాధారణ ప్రజలకు సులభంగా అందుబాటులో ఉన్న పోలీసు, అగ్నిమాపక శాఖల రేడియోను వినడాన్ని మినహాయించింది. సెల్‌ఫోన్ల విషయంలో మాత్రం గీత గీశారు. సెల్యులార్ ఫ్రీక్వెన్సీలు పట్టే స్కానర్ల తయారీని, దిగుమతిని 1990లలో నిషేధించారు. ఇద్దరు పౌరుల ఫోన్ సంభాషణ ప్రైవేటు, పోలీసు కంట్రోల్ రూమ్ పిలుపు బహిరంగం. ఆ తేడా చట్టానికి స్పష్టంగా తెలుసు.

కొనేవారు చూసుకోవలసినవి

అమెరికాలో ఉండి స్కానర్ కొనాలనుకునేవారు మొదట తమ కౌంటీ ఏ రకం రేడియో వ్యవస్థ వాడుతోందో తెలుసుకోవాలి. రేడియో రిఫరెన్స్ అనే వెబ్‌సైట్‌లో దేశంలోని దాదాపు అన్ని కౌంటీల ఫ్రీక్వెన్సీలను ఔత్సాహికులు పోగుచేసి పెట్టారు. మీ కౌంటీ పేజీలో పోలీసు ఛానళ్ల పక్కన ఎన్‌క్రిప్ట్ అయినట్టు గుర్తు ఉంటే అక్కడితో పోలీసుల కోసం స్కానర్ కొనే ఆలోచన మానుకోవచ్చు. మార్కెట్‌లో దొరికే ఏ స్కానరూ ఎన్‌క్రిప్షన్‌ను ఛేదించలేదు. ఛేదిస్తామని ఎవరైనా చెబితే అది మోసం. అలా ప్రయత్నించడం నేరం కూడా.

ఎన్‌క్రిప్షన్ లేకపోతే వ్యవస్థ అనలాగా, డిజిటలా అన్నది తర్వాతి ప్రశ్న. చిన్న పట్టణాల్లో, పల్లె కౌంటీల్లో ఇంకా పాత అనలాగ్ ఎఫ్‌ఎమ్ ఛానళ్లు నడుస్తున్న చోట్లున్నాయి. అక్కడ యూనిడెన్ బీసీ125ఏటీ వంటి ప్రాథమిక స్కానర్ సరిపోతుంది. వంద డాలర్లకు కాస్త అటూ ఇటూగా దొరుకుతుంది. అగ్నిమాపక శాఖ, వాతావరణ హెచ్చరికలు, విమానాలు, రైల్వే సిబ్బంది మాటలు కూడా అందులో వినవచ్చు.

పెద్ద కౌంటీల్లో ఎక్కువగా ఉన్నది ట్రంక్డ్ డిజిటల్ వ్యవస్థ. మన బ్యాంకుల్లో టోకెన్ పద్ధతి ఎలా ఉంటుందో ట్రంకింగ్ అలా ఉంటుంది. ఏ కౌంటర్ ఖాళీ అయితే అక్కడికి తర్వాతి మనిషిని పిలిచినట్టు, ఏ ఫ్రీక్వెన్సీ ఖాళీగా ఉంటే తర్వాతి సంభాషణను అందులోకి కంప్యూటర్ పంపుతుంది. అందువల్ల ఒకే సంభాషణలో ఒక మాట ఒక ఫ్రీక్వెన్సీలో, జవాబు మరోదానిలో వెళ్లవచ్చు. పాత స్కానర్లు దీన్ని అనుసరించలేవు. ‘ప్రాజెక్ట్ 25’ అనే ప్రమాణాన్ని, అందులో మొదటి, రెండో దశలను రెండింటినీ అర్థం చేసుకునే డిజిటల్ ట్రంకింగ్ స్కానరే కావాలి.

ఇంకో చిక్కు సైమల్‌కాస్ట్. నగరమంతా ఒకే స్థాయిలో వినబడటానికి అనేక టవర్ల నుంచి ఒకే సంకేతాన్ని ఒకేసారి ప్రసారం చేస్తారు. రెండు టవర్ల మధ్య ఉన్న ఇంటికి అవి వెంట్రుకవాసి తేడాతో చేరి ఒకదానినొకటి చెరుపుకుంటాయి. సిగ్నల్ నిండుగా కనిపిస్తుంది, మాట మాత్రం ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఈ ఇబ్బందిని తట్టుకునేలా తయారైనవి యూనిడెన్ ఎస్‌డీఎస్100, ఎస్‌డీఎస్200. ధర ఆరేడు వందల డాలర్ల శ్రేణిలో ఉంటుంది. ఖరీదైనదేదో కొంటే సరిపోతుందని వేరే డిజిటల్ స్కానర్ కొని, సైమల్‌కాస్ట్ దెబ్బకు పెట్టెలో పెట్టేసినవారు చాలామంది.

కంప్యూటర్ అలవాటున్నవారికి చౌకదారి ఉంది. ముప్పై, నలభై డాలర్లకు దొరికే ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ అనే చిన్న యూఎస్‌బీ పరికరాన్ని ల్యాప్‌టాప్‌కు తగిలించి, ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ట్రంక్డ్ డిజిటల్ వ్యవస్థలను కూడా వినవచ్చు. మన తెలుగు ఇంజినీర్లలో చాలామందికి ఇది స్కానర్ కన్నా సరదాగా ఉంటుంది. అయితే, చేతిలో పట్టుకుని వరండాలో కూర్చుని వినే సౌలభ్యం ఇందులో ఉండదు.

డబ్బు ఖర్చు పెట్టకముందే చేయగలిగింది మరొకటుంది. బ్రాడ్‌కాస్టిఫై అనే సైట్‌లో వేలాది స్కానర్ ప్రసారాలను స్వచ్ఛందంగా ఆన్‌లైన్‌లో పెడుతుంటారు. మీ ఊరి ప్రసారం అందులో ఉంటే వారం రోజులు ఫోన్‌లో వినండి. పది కోడ్‌లు, వీధుల పేర్లు, గంటల తరబడి సాగే ట్రాఫిక్ తనిఖీలు మీకు విసుగు తెప్పిస్తే స్కానర్ డబ్బు మిగిలినట్టే.

కారులో వాడే విషయంలో జాగ్రత్త అవసరం. న్యూయార్క్, ఫ్లోరిడా, ఇండియానా, కెంటకీ, మిన్నెసోటా రాష్ట్రాల్లో వాహనంలో పోలీసు రేడియో వినే పరికరం ఉండటంపై ఆంక్షలున్నాయి. అమెచ్యూర్ రేడియో లైసెన్సు ఉన్నవారికి సాధారణంగా మినహాయింపు ఉంటుంది. విన్నదాన్ని నేరానికి వాడితే చాలా రాష్ట్రాల్లో అది విడిగా శిక్షార్హం. వీసా మీద ఉన్నవారు ఈ నిబంధనలను రెండుసార్లు చదువుకోవడం మేలు.

తలుపులు ఎందుకు మూస్తున్నారు

న్యూయార్క్ పోలీసు శాఖ 2023 జూలైలో బ్రూక్లిన్‌లోని కొన్ని ఠాణాల పరిధిలో రేడియోను ఎన్‌క్రిప్ట్ చేయడం మొదలుపెట్టింది. మొత్తం రేడియో వ్యవస్థ ఆధునికీకరణకు సుమారు 39 కోట్ల డాలర్ల ఖర్చు. ప్రజలకూ పత్రికలకూ అందుబాటు కొనసాగాలంటూ రాష్ట్ర సెనేటర్ మైకేల్ జియానరిస్ బిల్లు ప్రతిపాదించారు. షికాగోలో ప్రత్యక్ష ప్రసారాన్ని మూసి, ముప్పై నిమిషాల ఆలస్యంతో ఆన్‌లైన్‌లో వినిపించే పద్ధతి పెట్టారు. డెన్వర్ 2019లోనే పూర్తిగా మూసేసింది. కాలిఫోర్నియాలో రాష్ట్ర న్యాయశాఖ 2020 అక్టోబరులో ఒక ఉత్తర్వు పంపింది. పౌరుల వ్యక్తిగత వివరాలు రేడియోలో బయటపడకుండా చూడాలని అందులో ఉంది. దాన్ని ఆధారం చేసుకుని అనేక పట్టణాలు మొత్తం రేడియోనే మూసేశాయి.

పోలీసుల వాదనలో పస లేదని కొట్టిపారేయలేం. స్కానర్ యాప్‌లు ఫోన్‌లోకి వచ్చాక దొంగ కూడా పోలీసుల కదలికలను జేబులో పెట్టుకుని తిరగగలుగుతున్నాడు. తనిఖీలో ఆపిన డ్రైవరు పేరు, పుట్టిన తేదీ, లైసెన్సు నంబరు రేడియోలో చదివితే అవి ఎవరి చెవిన పడతాయో తెలియదు. గృహహింస బాధితురాలి చిరునామా ఊరంతా వినడం న్యాయం కాదు. 2020లో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాతి నిరసనల సమయంలో షికాగో పోలీసు రేడియోలోకి బయటివారు చొరబడి పాటలు పెట్టి సంభాషణలను అడ్డుకున్నారు.

2013లో బోస్టన్ మారథాన్ పేలుళ్ల తర్వాత జరిగింది మరింత గుర్తుంచుకోవాల్సిన ఉదంతం. నిందితుల కోసం గాలింపు జరుగుతున్న రాత్రి లక్షలాది మంది ఆన్‌లైన్‌లో పోలీసు స్కానర్ విన్నారు. సోదా చేస్తున్న ఇళ్ల వివరాలు బయటపెట్టవద్దని బోస్టన్ పోలీసులు ట్విటర్‌లో వేడుకోవలసి వచ్చింది. అదే రాత్రి, అంతకు కొన్ని వారాల ముందు అదృశ్యమైన ఒక భారతీయ మూలాలున్న విద్యార్థి పేరు స్కానర్‌లో నిందితుడిగా వినిపించిందన్న పుకారు పుట్టింది. స్కానర్‌లో ఆ పేరు రానేలేదని తర్వాత తేలింది. అతను అప్పటికే చనిపోయి ఉన్నాడు. కొడుకు కోసం వెతుకుతున్న ఆ కుటుంబం ఆ రాత్రి అనుభవించిన నరకానికి ఎవరూ బాధ్యత వహించలేదు.

కాబట్టి, స్కానర్ వినడం అంటే సత్యం వినడం అనుకోవడం పొరపాటు. కంట్రోల్ రూమ్ నుంచి వచ్చే మొదటి సమాచారం తరచూ తప్పు. ‘తుపాకీ ఉన్న మనిషి’ అన్న పిలుపు కాసేపటికి బొమ్మ తుపాకీ అని తేలవచ్చు. అలవాటున్న విలేకరి దాన్ని వార్తగా రాయడు. ఎక్కడికి వెళ్లాలో, ఎవరిని అడగాలో తెలుసుకోవడానికి మాత్రమే వాడుకుంటాడు. ఆ శిక్షణ లేని చేతుల్లో అదే మాట గంటలో ఒక మనిషి జీవితాన్ని తలకిందులు చేస్తుంది.

పోయేది ఏమిటి

అయినా మూసేయడం వల్ల పోయేది తక్కువేం కాదు. రేడియో తెరిచి ఉన్నప్పుడు ఘటన జరిగిందన్న సంగతి పత్రికలకు పోలీసులు చెప్పకముందే తెలుస్తుంది. విలేకరి స్వయంగా వెళ్లి సాక్షులతో మాట్లాడతాడు. రేడియో మూతపడ్డాక ఏ ఘటన గురించి చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, ఎంత చెప్పాలి అన్నది పూర్తిగా పోలీసు ప్రతినిధి చేతుల్లోకి వెళుతుంది. తమకు ఇబ్బంది కలిగించే ఘటనను తామే ముందుగా ప్రకటించే శాఖ ఏ దేశంలోనూ అరుదు.

తెలుగువారు మరచిపోలేని ఒక ఉదంతం ఇక్కడ చెప్పుకోవాలి. 2023 జనవరి 23న సియాటిల్‌లో రోడ్డు దాటుతున్న ఆదోని యువతి జాహ్నవి కందులను ఒక పోలీసు కారు ఢీకొంది. ఇరవై మూడేళ్ల ఆమె అక్కడ మాస్టర్స్ చదువుతోంది. గంటకు పాతిక మైళ్ల వేగపరిమితి ఉన్న వీధిలో ఆ కారు ఒక దశలో 74 మైళ్ల వేగం అందుకుంది. ఆ తర్వాత పోలీసు సంఘం నాయకుడైన మరో అధికారి సహచరుడితో ఫోన్‌లో మాట్లాడుతూ నవ్వాడు. ఆమె ప్రాణానికి పెద్ద విలువ లేదని, పదకొండు వేల డాలర్ల చెక్కు రాస్తే సరిపోతుందని అన్న మాటలు అతని ఒంటిమీది కెమెరాలో రికార్డయ్యాయి.

అది రేడియో కాదు, బాడీ కెమెరా. కానీ పాఠం ఒకటే. ఆ రికార్డు ఉండకపోతే, దాన్ని విధుల్లో భాగంగా విన్న శాఖ ఉద్యోగి పైవారి దృష్టికి తీసుకెళ్లకపోతే, ఆ ఏడాది సెప్టెంబరులో అది బయటికి రాకపోతే, జాహ్నవి మరణం ఒక రోడ్డు ప్రమాదంగా ముగిసిపోయేది. ఆ మాటలన్న అధికారిని 2024 జూలైలో ఉద్యోగం నుంచి తొలగించారు. కారు నడిపిన అధికారిని 2025 జనవరిలో తొలగించారు. అతనిపై తీవ్రమైన నేరాభియోగం మోపడానికి ప్రాసిక్యూటర్ మాత్రం నిరాకరించారు. న్యాయం పూర్తిగా జరిగిందా అన్నది వేరే చర్చ. పోలీసులు తమలో తాము మాట్లాడుకున్న మాట నమోదు కావడం, నెలల తర్వాతైనా ప్రజలకు చేరడం వల్లనే ఆ చర్చ సాధ్యమైంది.

ఇక్కడే రెండు విషయాలను విడదీసి చూడాలి. ‘ఇప్పుడు వినకూడదు’ అన్నది ఒక మాట. ‘ఎప్పటికీ వినకూడదు’ అన్నది ఇంకో మాట. గాలింపు నడుస్తున్నప్పుడు పోలీసుల కదలికలు రహస్యంగా ఉండాలనడంలో అర్థం ఉంది. గాలింపు ముగిసి, నిందితుడు దొరికి, కేసు కోర్టుకు వెళ్లాక కూడా అవే మాటలు రహస్యమైతే అప్పుడు కాపాడబడేది ప్రజల భద్రత కాదు. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో పట్టణం 2021 జనవరిలో రేడియోను మూసి, విమర్శల తర్వాత 2022లో మళ్లీ తెరిచింది. వ్యక్తిగత వివరాలను ఫోన్ వంటి వేరే మార్గంలో పంపుకుంటే, మిగతా రేడియోను తెరిచి ఉంచవచ్చని ఆ పట్టణం చేసి చూపించింది.

మన దగ్గర వినడమే నేరం

ఈ చర్చ చదివి ఉత్సాహపడి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో స్కానర్ ప్రయోగం చేద్దామనుకునేవారికి ఒక హెచ్చరిక. ఇక్కడ చట్టం పూర్తిగా వేరు. సెలవులకు వస్తూ అమెరికా స్కానర్‌ను సూట్‌కేసులో పెట్టుకు రావడం మంచిది కాదు.

మన రేడియో చట్టాలు బ్రిటిష్ పాలనలో పుట్టాయి. 1885 టెలిగ్రాఫ్ చట్టం సందేశాలపై అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. 1933 వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం కలిగి ఉండటాన్నే నేరం చేసింది. పాటలు వినే రేడియోకు కూడా పోస్టాఫీసులో ఏటా లైసెన్సు కట్టిన తరం ఇంకా మన ఇళ్లలో ఉంది. ఆ లైసెన్సు 1980లలో రద్దయింది. ఇంట్లో రేడియో, టీవీలకు స్వేచ్ఛ వచ్చింది గానీ, పోలీసు వైర్‌లెస్ వినే హక్కు పౌరులకు ఎన్నడూ రాలేదు.

ఆ పాత చట్టాల స్థానంలో తెచ్చిన 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం మరింత కఠినం. సందేశాలను అక్రమంగా అడ్డగించి వినడానికి దాని 42వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, రెండు కోట్ల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆ సెక్షన్ 2024 జూన్ 26 నుంచి అమల్లో ఉంది. బ్రిటన్‌లో కూడా తమకు ఉద్దేశించని రేడియో సందేశాలను వినడం నేరమే. అక్కడి పోలీసులు రెండు దశాబ్దాలుగా ఎన్‌క్రిప్ట్ చేసిన వ్యవస్థ వాడుతున్నారు. మనం నడిచింది ఆ దారిలోనే.

పరికరాల అమ్మకంపై కూడా ఇటీవల నిఘా పెరిగింది. 2025 మే నెలలో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ అనుమతులు లేని వాకీటాకీలను ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారంటూ పదమూడు నోటీసులు జారీ చేసింది. అలాంటి ప్రకటనలు పదహారు వేలకు పైగా ఉన్నట్టు గుర్తించింది. ఆ నెలాఖరులోనే రేడియో పరికరాల ఆన్‌లైన్ అమ్మకంపై మార్గదర్శకాలు వచ్చాయి. లైసెన్సు లేకుండా సామాన్యులు వాడుకోగల వాకీటాకీలు 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య, తక్కువ శక్తితో పనిచేసేవి మాత్రమే. పిల్లల బొమ్మలా కనిపించే పరికరం కూడా ఆ పరిధి దాటితే చిక్కు తెస్తుంది.

రేడియో మీద నిజమైన మక్కువ ఉన్నవారికి చట్టబద్ధమైన దారి హామ్ రేడియో. కేంద్ర టెలికాం శాఖ నిర్వహించే పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకోవాలి. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో దశాబ్దాలుగా ఇందులో శిక్షణ ఇస్తోంది. తుపానులు, భూకంపాల సమయంలో ఫోన్లు పనిచేయనప్పుడు హామ్‌లు చేసిన సేవ అందరికీ తెలిసిందే. కానీ ఆ లైసెన్సు పోలీసుల మాటలు వినడానికి అనుమతి కాదు.

వినలేని చోట జవాబుదారీ ఎలా?

ఉగ్రవాదం, మావోయిస్టు హింస చూసిన దేశంలో పోలీసు వైర్‌లెస్‌ను అమెరికాలో లాగా తెరిచి పెట్టమని ఎవరూ అడగరు. 2008 నవంబరు 26న ముంబై దాడులను టీవీ ఛానళ్లు ప్రత్యక్షంగా చూపిస్తుంటే, పాకిస్తాన్‌లో కూర్చున్న సూత్రధారులు అవే చూస్తూ దాడి చేస్తున్నవారికి ఫోన్‌లో సూచనలిచ్చారు. కసబ్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు మీడియా తీరును తీవ్రంగా తప్పుపట్టింది. 2015లో కేబుల్ టీవీ నిబంధనలను సవరించి, ఉగ్రవాద వ్యతిరేక చర్యలు ముగిసేవరకు ప్రత్యక్ష ప్రసారాలను నిషేధించారు. నియమిత అధికారి ఎప్పటికప్పుడు ఇచ్చే వివరాలకే మీడియా పరిమితం కావాలన్నారు.

‘ఇప్పుడు వినకూడదు’ అన్న సగాన్ని మనం నిబంధనగా రాసుకున్నాం. ‘తర్వాత వినాలి’ అన్న సగాన్ని రాసుకోలేదు. మన క్రైమ్ విలేకరికి ఆధారం స్కానర్ కాదు, పోలీసు అధికారుల వాట్సాప్ గ్రూపులో వచ్చే ప్రెస్ నోట్. ఎదురుకాల్పులు జరిగాయని నోట్‌లో ఉంటే మరుసటి రోజు పత్రికలో అదే ఉంటుంది. దాన్ని సరిచూసుకునే స్వతంత్రమైన ఆధారం ఆ పూట ఎవరి దగ్గరా ఉండదు.

‘దిశ’ కేసు దీనికి మన కళ్లముందు జరిగిన ఉదాహరణ. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. వారు ఆయుధాలు లాక్కుని కాల్పులు జరిపారన్న పోలీసుల కథనం ఆ రోజు ఊరూరా మోగింది. పూలు చల్లారు, మిఠాయిలు పంచారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మే నెలలో బయటికి వచ్చేసరికి కథ మారిపోయింది. చంపాలన్న ఉద్దేశంతోనే వారిపై కాల్పులు జరిపారని కమిషన్ తేల్చింది. పదిమంది పోలీసులపై హత్య అభియోగంతో విచారణ జరగాలని చెప్పింది. ఒకే కథనం దాదాపు రెండున్నరేళ్లు రాజ్యమేలింది.

అక్కడ జరిగింది ఘోరమైన నేరం. బాధితురాలికి న్యాయం జరగాలన్నదీ నిజమే. కానీ నిందితుడిని ఎప్పుడు, ఎక్కడికి, ఎవరి ఆదేశంపై తీసుకెళ్లారో చెప్పే నమోదిత ఆధారం, అందులోని కాలక్రమం, కోర్టుకైనా వెంటనే అందే పద్ధతి ఉంటే కథనాల మీద ఆధారపడే అవసరం ఉండదు. కంట్రోల్ రూమ్‌కు వచ్చిన ప్రతి పిలుపు, గస్తీ వాహనానికి వెళ్లిన ప్రతి ఆదేశం సమయంతో సహా భద్రంగా ఉండటం అందుకే ముఖ్యం.

ఈ దిశలో సుప్రీంకోర్టు వేసిన అడుగులు ఉన్నాయి. ఎఫ్‌ఐఆర్‌లను, సున్నితమైనవి మినహాయించి, ఇరవై నాలుగు గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో ఆదేశించింది. 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో ప్రతి పోలీసు స్టేషన్‌లో ధ్వనిని కూడా నమోదు చేసే సీసీటీవీ కెమెరాలు పెట్టాలని, దృశ్యాలను పద్దెనిమిది నెలలు భద్రపరచాలని చెప్పింది. ఐదేళ్లు గడవకముందే, 2025 సెప్టెంబరులో, కస్టడీ మరణాలు, పనిచేయని కెమెరాల వార్తలు చూసి ఆ న్యాయస్థానమే స్వయంగా కేసు చేపట్టవలసి వచ్చింది. ఆదేశం ఉన్న కెమెరాల సంగతే ఇలా ఉంది. ఆ ఆదేశం వైర్‌లెస్ సంభాషణల గురించి కాదు.

2022 ఆగస్టులో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ప్రారంభమైన కమాండ్ కంట్రోల్ సెంటర్ నుంచి నగరాన్ని వేల కెమెరాలతో చూడవచ్చు. పోలీసులు ప్రజలను చూసే సామర్థ్యం ఏటా పెరుగుతోంది. పోలీసుల పనిని ప్రజలు తెలుసుకునే సామర్థ్యం దానికి దీటుగా పెరగలేదు. ఈ అసమతూకం మీద శాసనసభల్లో చర్చ జరగాలి.

చేయదగినవి కష్టమైనవేమీ కాదు. పోలీసు వైర్‌లెస్, 112 కాల్స్ రికార్డులను ఎంతకాలం ఉంచాలో చట్టంలోనే రాయాలి. కాల్పులు, కస్టడీ మరణం, పోలీసు వాహన ప్రమాదం జరిగిన ప్రతిచోటా ఆ గంటల రికార్డును వెంటనే సీల్ చేసి మేజిస్ట్రేటుకు అప్పగించాలి. దర్యాప్తు ముగిశాక, బాధితుల వివరాలు తొలగించి, సమాచార హక్కు చట్టం కింద ఇవ్వాలి. ఆ చట్టంలోని 8వ సెక్షన్ దర్యాప్తుకు ఆటంకం కలిగే సమాచారాన్ని ఇప్పటికే మినహాయిస్తోంది. దర్యాప్తు ముగిశాక ఆ కారణం చెల్లదు.

అమెరికాలో మొదటి స్కానర్ కొనబోయే తెలుగు పాఠకుడికి సలహా చిన్నది. ముందు కౌంటీ పేజీ చూడండి, తర్వాత ఆన్‌లైన్‌లో వినండి, చివరగా డబ్బు తీయండి. మీ పట్టణం రేడియో మూసే ప్రతిపాదన చేస్తుంటే, సిటీ కౌన్సిల్ సమావేశానికి వెళ్లి ఎంత ఆలస్యంతో, ఏ వివరాలు తీసేసి వినిపిస్తారో అడగండి. ఓటు లేకపోయినా అక్కడ మాట్లాడే అవకాశం నివాసులకు ఉంటుంది. ఇక్కడ ఉన్నవారికి స్కానర్ అవసరం లేదు. మీ ఎమ్మెల్యేను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఆ రాత్రి కంట్రోల్ రూమ్‌లో ఎవరు ఎవరితో ఏం చెప్పారో ఏడాది తర్వాత కోర్టు అడిగితే, ఆ రికార్డు ఉంటుందా?